ఈ సందులో పెళ్లికానివాళ్లు ముగ్గురే

మా ఆవిడ చనిపోయి ఇరవై ఆరు రోజులైంది. గురువారం ఉదయం, తను పనిచేసే ఇంటి వంటగదిలో, బియ్యం కడుగుతూ పడిపోయింది. ఆ వేళ నేను సైట్‌లో హాజరు పట్టీ రాస్తున్నాను. ఫోన్ మోగింది. అవతల ఆమె కఫీల్. అంటే ఆమె వీసాకి పూచీ ఉన్న యజమాని. "వెంటనే రా" అన్నాడు. ఆయన అంతకుముందు ఎప్పుడూ నాకు ఫోన్ చేయలేదు. అందుకే ఏమైందని అడగలేదు. నేను వెళ్లేసరికి కుళాయి ఎవరో కట్టేశారు. బియ్యం గిన్నె గట్టు మీదే ఉంది.

ఆమె గురించి నాలుగు మాటలు రాయమని ఇక్కడి తెలుగువాళ్లు అడిగారు. గొప్ప మనిషి అని రాయను. అలా రాస్తే ఆమెకి నచ్చదు. జరిగింది రాస్తాను. జరిగినదాంట్లో ఒక అర్జీ ఉంది. ఆ అర్జీ మీద ఆమె సంతకం ఉంది. దానికి జతచేసిన జాబితా నా చేతిరాత. ఆ అర్జీ నెగ్గింది. దాని ప్రకారం, మేమిద్దరం తొమ్మిదేళ్లున్న ఈ గదిలో ఇక నేనుండటానికి వీల్లేదు.

మేముండేది బహ్రెయిన్‌లో, జిదాఫ్స్ బజారు దాటాక వచ్చే ఒక పల్లెలో. పల్లె అంటే ఇప్పుడు నాలుగు సందులు, ఒక మాతం, ఊరి చివర మిగిలిన రెండు ఖర్జూర తోటలు. మాతం అంటే మొహర్రంలో అందరూ చేరి దుఃఖించే ఇల్లు. మా సందు చివరి ఇంటి పెద్దావిడని ఊరంతా హజ్జియా అంటారు. హజ్‌కి వెళ్లొచ్చిన మనిషని ఆ గౌరవం. మా ఆవిడ ఆ ఇంట్లో వంటమనిషి. వాళ్ల పెరట్లో ఉన్న గది మాకిచ్చారు. నేను కట్టడాల కంపెనీలో టైమ్‌కీపర్ని. బీకాం చదివాను. మా ఆవిడ ఏడో తరగతితో ఆపేసింది. కానీ హజ్జియా మాట్లాడే పల్లెటూరి అరబ్బీ ఆమెకి నీళ్ల ప్రాయంగా వచ్చేది. నాకు ఇప్పటికీ రాదు.

ఆమెకొక అలవాటు. ఏ కాగితం వచ్చినా నా చేత పైకి చదివించుకునేది. మందు పెట్టెలో మడతపెట్టి ఉండే చీటీ అయినా సరే. గరిటె పట్టుకుని నిలబడి వినేది. అంతా విన్నాక "మళ్లీ చదవండి" అందంటే అందులో ఏదో తేడా ఉందన్నమాట. తేడా ఎక్కడుందో నేను వెతుక్కోవాలి. చాలాసార్లు ఉండేది.

అర్జీ మాత్రం నేను చదవలేకపోయాను. అది అరబ్బీలో ఉంది. హజ్జియా కొడుకు, అంటే మా ఆవిడ కఫీల్, పెరట్లో నిలబడి పైకి చదివాడు. ఆయన స్కూలు మాస్టారు. ఊరి తరఫున అర్జీ రాసింది ఆయనే. ఆయన ఒక్కో వాక్యం చదువుతుంటే మా ఆవిడ నాకు తెలుగులో చెప్పింది.

ఊరివాళ్ల బాధలో అబద్ధం లేదు. ఒకప్పుడు తోటలున్న చోట మూడంతస్తుల ఇళ్లు లేచాయి. వాటిని కంపెనీలకి అద్దెకిచ్చి ఓనర్లు ఊరు వదిలి వెళ్లిపోయారు. ఆ ఇళ్లలో ప్లైవుడ్ చెక్కలు అడ్డం పెట్టి, మంచం మీద మంచం వేసి మనుషుల్ని నింపారు. సందు మొదట్లో కార్లకి రంగులేసే గ్యారేజీ వెలిసింది. దాని వాసనకి హజ్జియా కిటికీలు తెరవడం మానేసింది. మురుగు వారానికోసారి పొంగేది. పక్క సందులో ఒక ఇంట్లో వైర్లు కాలి పొగ వస్తే ఫైరింజను లోపలికి రాలేకపోయింది. బలదియాని, అంటే ఇక్కడి మున్సిపాలిటీని, ఊరివాళ్లు అడిగింది ఒకటే. ఈ పల్లెని కుటుంబాలు మాత్రమే ఉండే ప్రాంతంగా మార్చండి. గ్యారేజీలు, గోడౌన్లు, అజ్జాబీల ఇళ్లు ఇక్కడ వద్దు.

ఆ మాట దగ్గర మా ఆవిడ ఆయన్ని ఆపింది.

"అజ్జాబీ అంటే ఎవరు బాబా?"

"నీకు తెలీదా? భార్య లేనివాడు."

"భార్య లేనివాడా, భార్య దగ్గర లేనివాడా?"

ఆయన నవ్వాడు. "రెండూ ఒకటే."

"రెండూ ఒకటి కాదు బాబా" అంది. మా ఆవిడ ఆయనకి ఎదురుచెప్పగా నేను విన్నది అదే మొదటిసారి.

అయినా సంతకం పెట్టింది. పరాయి దేశపు వాళ్లలో పెట్టింది ఆమె ఒక్కతే. హజ్జియా అడిగింది కనుక పెట్టిందని అంతా అనుకున్నారు. నాకు తెలిసిన కారణం వేరు. మాది భీమవరం అవతల ఒక ఊరు. పెళ్లయిన కొత్తలో మా పొలం పక్క పొలాలన్నీ రొయ్యల చెరువులయ్యాయి. ఆక్వా జోన్‌లో కలపొద్దు, వరి పొలాలుగానే ఉంచండి అని ఊళ్లో అర్జీ పెట్టారు. ఆ రోజు ఆడవాళ్లలో మొదట సంతకం పెట్టింది ఈమే. ఎవరూ రాలేదు. రెండేళ్లకి మా బావిలో నీళ్లు ఉప్పగా అయ్యాయి. తర్వాత పొలం. ఆ తర్వాత మేము.

"ఆ సంతకానికి చూడ్డానిక్కూడా ఎవరూ రాలేదండీ" అంది. "ఇక్కడ చూడ్డానికైనా వస్తారేమో."

అరబ్బీ సంతకాలన్నీ కుడి నుంచి ఎడమకి సాగాయి. ఆమె తెలుగులో, ఎడమ నుంచి కుడికి, నాలుక కొన పళ్ల మధ్య పెట్టుకుని, ఇంటిపేరుతో సహా రాసింది. చివరి అక్షరం పక్కవారి సంతకంలోకి చొచ్చుకుపోయింది. "అయ్యో, గుద్దేశానండీ" అంది.

అర్జీతో పాటు జాబితా కావాలన్నారు. ఏ ఇంట్లో ఎంతమంది, ఎవరు అజ్జాబీలు, ఎవరు కుటుంబం. ఆ కూలీల ఇళ్ల గడప ఊరివాళ్లు ఎన్నడూ తొక్కలేదు. మా ఆవిడకి అక్కడ అందరూ తెలుసు. పచ్చడి అడిగేవాడు ఒకడు, జ్వరమొస్తే కబురంపేవాడు ఒకడు. హజ్జియాని వెంటబెట్టుకుని ఒక శుక్రవారం బయల్దేరింది. రాయడానికి నేను.

మొదటి ఇంట్లో జగిత్యాల వైపు నుంచి వచ్చిన మేస్త్రీ ఒకతను ఉండేవాడు. మా ఆవిడని అక్కా అనేవాడు.

"తమ్ముడూ, నీకు పెళ్లయిందా?"

"ఏందక్కా, సంబంధం జూస్తున్నవా?"

గదిలో అంతా ఘొల్లుమన్నారు.

"బలదియాకి రాయాలంట. అయిందో లేదో చెప్పు."

"అయి పదకొండేండ్లాయె. ఇద్దరు పోరగాండ్లు. రాస్కో అక్కా, జర పెద్దగ రాస్కో. నేను పెండ్లయినోణ్ణని ఈ దుబాయిల ఒక్కడన్న రాసిండని మా ఆమెకు జెప్త."

"ఇది బహ్రెయిన్ తమ్ముడూ."

"మా ఊరోళ్లకు అంత దుబాయే అక్కా."

ఇల్లిల్లూ అలాగే తిరిగాం. ప్రతి ఒక్కరినీ అదే ప్రశ్న అడిగింది. వాళ్లు ఫోన్లు తీసి భార్యల ఫోటోలు చూపించారు, పిల్లల ఫోటోలు చూపించారు. హజ్జియా ఒక్కో ఫోటో కళ్లకి దగ్గరగా పెట్టుకుని చూసి మాషాల్లా అంది. నేను ఒక్కో పేరు పక్కన 'వివాహితుడు' అని ఇంగ్లీషులో రాశాను. సందంతా తిరిగేసరికి పెళ్లికానివాళ్లు ముగ్గురు తేలారు. వాళ్లలో ఒకడికి వచ్చే నెలలో ముహూర్తం.

"ఇతన్ని కూడా తీసెయ్యమంటారా?" అని అడిగింది నన్ను.

జాబితా చూసి కఫీల్ ముఖం ఎర్రబడింది. "ముగ్గురా? ఈ సందులో అజ్జాబీలు ముగ్గురా? ఇది పట్టుకెళ్లి బలదియాలో ఇస్తే నా ముఖాన కొడతారు."

"పెళ్లయిందా అని అడిగాను బాబా. అయిందన్నారు. రాశాం."

హజ్జియా తలగుడ్డ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వు ఆపుకుంటోంది. కొడుకు ఆవిడ వైపు చూశాడు. తర్వాత నా వైపు చూశాడు. నా వైపే ఎక్కువసేపు చూశాడు.

గదికి వచ్చాక అడిగాను. "నీకు తెలుసు కదా వాళ్లు అడిగింది ఏమిటో?"

"తెలుసండీ."

"మరి?"

"పెళ్లాం బిడ్డల కోసం ఇక్కడ పడున్నవాళ్లని పట్టుకుని పెళ్లాం లేదని ఎలా రాస్తామండీ? గ్యారేజీ పోవాలి. ఆ చెక్కల గదులు పోవాలి. అది నిజం. అంతవరకు సంతకం పెట్టాను. ఇది నిజం కాదు."

మర్నాడు కఫీల్ నన్ను ఒక్కణ్ణే పిలిచాడు. కొత్త కాగితం ఇచ్చాడు. ఇంగ్లీషులో, మర్యాదగానే అడిగాడు. "నువ్వు చదువుకున్నవాడివి. ఎలా అడగాలో నీకు తెలుసు." ఆ తర్వాతి శుక్రవారం నేనొక్కణ్ణే వెళ్లాను. మా ఆవిడకి చెప్పలేదు. ఈసారి ప్రశ్న మారింది. "నీ ఫ్యామిలీ ఇక్కడుందా?" అందరూ లేదన్నారు. ఎవరూ ఫోన్ తీయలేదు. మేస్త్రీ మాత్రం "ఇది దేనికన్నా?" అని అడిగాడు. "లెక్కకి" అన్నాను. మా గది దగ్గరికి వచ్చేసరికి 'కుటుంబం' అని రాసుకుని సంతకం చేసి ఇచ్చాను.

అలా రాయకపోతే ఏమయ్యేదో నాకు తెలియదు. ఆమె వీసా ఆయన చేతిలో ఉంది, మా గది ఆయన పెరట్లో ఉంది. ఇది సాకుగా చెప్పడం లేదు. జరిగింది చెబుతున్నాను.

ఆమెకి రెండు రోజుల్లో తెలిసింది. నన్ను తిట్టలేదు. అన్నం పెట్టింది. పక్కన కూర్చోలేదు. మూడో రోజు ఒక్క మాట అంది. "మీ చేతిరాత బాగుంటుందండీ. అందుకే నమ్మారు."

కొన్ని నెలలు ఏమీ జరగలేదు. ఎండాకాలం వచ్చింది. అర్జీ ఏ బల్ల కిందో పడిపోయి ఉంటుందనుకున్నాం. ఊరివాళ్లూ ఆ మాట ఎత్తడం మానేశారు. ఒక ఉదయం తెల్లటి బండి వచ్చి సందు మొదట్లో ఆగింది. ఇద్దరు దిగారు. ఒకడి చేతిలో టేపు, ఒకడి చేతిలో కెమెరా. ఎవరితోనూ మాట్లాడలేదు. తలుపుల ఫోటోలు తీశారు. గుమ్మాల బయట విడిచిన చెప్పుల ఫోటోలు తీశారు. ఆరేసిన బట్టల ఫోటోలు తీశారు. వెళ్లిపోయారు.

"వచ్చారండీ" అంది మా ఆవిడ. "చూడ్డానికి."

తర్వాతి వారం గోడల మీద ఎర్ర రంగుతో అంకెలు పడ్డాయి. కొన్ని అంకెల చుట్టూ సున్నా చుట్టి ఉంది. కొన్నిటికి లేదు. సున్నాకి అర్థం ఏమిటో ఎవరికీ తెలియదు. కరెంటు తీసేస్తారన్నారు ఒకరు. కాదు, కొత్త మీటర్లన్నారు ఇంకొకరు. మా గేటు మీద అంకె ఉంది, సున్నా లేదు. ఆమె రోజూ పొద్దున్నే చెత్తబుట్ట బయటపెట్టడానికి వెళ్లి ఆ అంకె వంక చూసి వచ్చేది.

"మనకి లేదండీ" అనేది. ఆ మాట చెప్పేటప్పుడు నా ముఖం చూసేది కాదు.

ఒక శనివారం కంపెనీ బస్సు వచ్చింది. సున్నా ఉన్న మొదటి ఇంటి ముందు ఆగింది. మేస్త్రీ, అతని గదివాళ్లు సామాన్లు కిందికి దింపుతున్నారు. మా ఆవిడ పరుగున వెళ్లింది. నేను గేటు దగ్గరే నిలబడ్డాను.

"క్యాంపుకు తోలుతున్నరక్కా. ఎడారి దిక్కు. ఆడ గాలి తప్ప ఏం లేదంట."

"ఇదిగో, గోంగూర పచ్చడి. మూత గట్టిగా పెట్టాను, ఒలకదు."

"అన్న మీద కోపం జేయకు అక్కా. అడిగిండు, జెప్పిన. అబద్ధమైతే రాయలే గద."

అతను గేటు వైపు చూసి చెయ్యెత్తాడు. నేనూ ఎత్తాను. బస్సు మలుపు తిరిగేదాకా మా ఆవిడ అక్కడే ఉంది. వెనక్కి వచ్చేటప్పుడు రెండుసార్లు ఆగి గోడ పట్టుకుంది. దగ్గరికి వెళ్లాను. "గ్యాసండీ" అంది.

ఆ తర్వాత ప్రతి వారం ఏదో ఒక ఇంటికి బస్సు వచ్చింది. వెళ్లినవాళ్లు ఏసీలు విప్పుకుని వెళ్లారు. గోడల్లో నలుచదరపు కన్నాలు మిగిలాయి. పావురాలు ఆ కన్నాల్లోంచి లోపలికి పోయేవి, బయటికి వచ్చేవి. సాయంత్రం నమాజు పిలుపు వేళకి సందులో వెలిగే దీపాలు ఆమె లెక్కపెట్టేది. ఒక రోజు మానేసింది. మలయాళీ కోల్డ్‌స్టోర్, అంటే కిరాణా కొట్టు, మూతపడింది. కొనేవాళ్లు లేరు. మురుగు పొంగడం ఆగింది. అది మాత్రం నిజంగా ఆగింది.

బలదియా ఉత్తర్వు వచ్చిన రోజు కఫీల్ మాతంలో అందరికీ హల్వా పంచాడు. మా ఆవిడే చేసింది. ఇకనుంచి ఇది కుటుంబాల ప్రాంతం. గ్యారేజీ మాత్రం కదల్లేదు. దాని గుమ్మం మెయిన్ రోడ్డు వైపు ఉందట. ఆ రోడ్డు వేరే తరగతి కిందికి వస్తుందట. రంగు వాసన అలాగే వస్తోంది. హజ్జియా ఒక రోజు మెట్టు మీద కూర్చుని ఖాళీ సందు కేసి చూస్తూ చాలాసేపు మాట్లాడింది. మా ఆవిడ పక్కన కూర్చుని చిక్కుడుకాయలు వలుస్తూ వింది. ఏమంటోంది అని అడిగాను.

"గ్యారేజీ పోవాలన్నాను, మనుషులు పోయారు అంటోందండీ. పగటిపూట కూడా వీధిలోకి రావడానికి భయంగా ఉందంటోంది."

మా ఆవిడ మెట్లెక్కితే మధ్యలో ఆగుతోందని నాకు అప్పటికే తెలుసు. ఒకసారి క్లినిక్‌కి తీసుకెళ్లాను. డాక్టరు గుండె పరీక్షలు రాసిచ్చాడు. ఆ చీటీ పైకి చదివి వినిపించాను. "మళ్లీ చదవండి" అనలేదు. ఎప్పుడూ అనే మనిషి అనలేదని నేను అప్పుడే గమనించాల్సింది.

"మొహర్రం వంటలు అయ్యాక వెళ్దామండీ. ఇప్పుడు హజ్జియాని వదిలి ఎలా వస్తాను?"

సందంతా నల్ల జెండాలు కట్టారు. ఖాళీ ఇళ్ల మీద కూడా కట్టారు. పదో రోజున వీధిలో పెద్ద పెద్ద డేగిసాల్లో మాంసం, అన్నం వండి వచ్చినవాళ్లందరికీ పెడతారు. కూలీ గదులవాళ్లు ఏటా వరసకట్టి నిలబడేవారు. అన్నం పళ్లెంలో వేస్తూ మా ఆవిడ వాళ్లని పేరుపేరునా పలకరించేది. ఈసారీ డేగిసాలు అన్నే దించారు. ఎన్ని దించాలో లెక్క ఎవరూ మార్చలేదు. మధ్యాహ్నం నమాజయ్యేసరికి రెండు డేగిసాలు ముట్టుకోకుండా మిగిలాయి. ఆమె గరిటె పట్టుకుని సందు మొదలు వైపు చూస్తూ నిలబడింది. "ఆ ఎడారి క్యాంపుకి ఎవరైనా బండిలో పట్టుకెళ్తారేమో అడగండీ" అంది. నేను కఫీల్‌ని అడిగాను. ఆయన తన కారు తాళం తీశాడు. మేం ముగ్గురం కలిసి ఆ డేగిసాలు డిక్కీలో పెట్టాం. అర్జీ పెట్టినప్పటి నుంచి ఆయన, మా ఆవిడ కలిసి చేసిన పని అదొక్కటే.

అది అయిన పదమూడో రోజు గురువారం. పరీక్షలకి ఆదివారం వెళ్దామనుకున్నాం.

ఆమెని ఊరికి తీసుకెళ్లాను. మా అమ్మాయి విశాఖలో నర్సు. తల్లి ముఖం చూసి ఒకే ఒక్క ప్రశ్న అడిగింది. "పరీక్షలు ఎందుకు ఆగాయి నాన్నా?" చెప్పాను. తలూపింది. పదకొండో రోజు కార్యక్రమం అయ్యాక సెలవు అయిపోయి తిరిగి వచ్చాను.

పెరటి గేటు హజ్జియా తెరిచింది. తాళం నాకివ్వకుండా తనే వచ్చి గది తలుపు తీసింది. లోపల నేల తుడిచి ఉంది. ఆవిడ మా ఆవిడని బింతీ అని పిలిచేది, నా కూతురా అని. నాతో ఏం మాట్లాడాలో ఆవిడకి తెలియదు. మా ఇద్దరి మధ్య భాష మా ఆవిడే. వేళ్లు చూపించి నలభై అంది. వాళ్లలో నలభై రోజులు దుఃఖం పాటిస్తారు. నలభై రోజులు నన్నెవరూ కదపరని ఆవిడ మాట. తర్వాత సంగతి ఆవిడ చెప్పలేదు. చెప్పడానికి ఆవిడ చేతిలోనూ ఏమీ లేదు. ఇల్లు ఆవిడదే, కానీ ఉత్తర్వు ఊరంతటిది. ఆ అర్జీ మీద మొదటి సంతకం ఆవిడదే.

కఫీల్ వచ్చి గుమ్మం బయట నిలబడ్డాడు. ఉత్తర్వులో ఏముందో ఆయన నాకు చెప్పనక్కర్లేదు. అయినా చెప్పాడు. "కుటుంబం లేని మగవాడు ఇక్కడ ఉండకూడదు. మేమే అడిగాం. ఇప్పుడు మా ఇంట్లోనే ఒకణ్ణి పెట్టుకుంటే ఊరు నన్నేమంటుంది?" తర్వాత "ఆమె అడిగిన ప్రశ్న నాకు గుర్తొస్తోంది" అన్నాడు. ఏ ప్రశ్నో చెప్పలేదు. వెళ్లిపోయాడు.

తనిఖీ మొన్న జరిగింది. ఉదయం పది గంటలకి. బలదియా మనిషి చిన్నవాడు, మర్యాదస్తుడు. చెప్పులు బయటే విడిచాడు. చేతిలో అట్ట, అట్టకి ఫారం. నేను గుమ్మంలో నిలబడ్డాను. హజ్జియా నాకంటే ముందుకొచ్చి నిలబడింది. అతను ఫారం చూసి ఇంగ్లీషులో అడిగాడు.

"ఫ్యామిలీ?"

హజ్జియా తన భాషలో అందుకుంది. ఔనంది. ఆపాటి అరబ్బీ నాకు అర్థమవుతుంది. అతను భార్య ఎక్కడ అని అడిగాడు.

"రాహత్" అంది హజ్జియా.

రాహత్ అంటే వెళ్లింది అని. చనిపోయినవాళ్లకి వాళ్లు వాడే మాట వేరే ఉంది. ఆవిడ ఆ మాట అనలేదు. ఐదు పూటలా నమాజు చేసే మనిషి, అబద్ధమాడదు. వెళ్లింది అంది, అంతే. మన భాషలో అయితే పోయింది అనేవాళ్లం. అందులో రెండూ ఉన్నాయి.

ఎప్పుడొస్తుంది అని అడిగాడతను. హజ్జియా తలగుడ్డ కొంగు సర్దుకుంది. అతను తలెత్తి నా భుజం మీదుగా గదిలోకి చూశాడు. ఎదురుగా బల్ల మీద ఆమె ఫోటో ఉంది. దానికి దండ ఉంది. ముందు దీపం ఉంది. మన ఇళ్లలో దండ వేసిన ఫోటోకి అర్థం ఏమిటో అతనికి తెలుసో తెలియదో నాకు తెలియదు. ఈ దేశంలో పుట్టి పెరిగినవాడు, మనవాళ్ల ఇళ్లు ఎన్ని చూసి ఉంటాడో. ఫోటో వంక చూశాడు. హజ్జియా వంక చూశాడు. ఎవరి వంకా చూడకుండా ఫారం మీద ఏదో రాశాడు. ఒక కాపీ చించి తలుపుకి అంటించాడు. రెండో తనిఖీ ఉంటుందని, అప్పటివరకు ఈ కాగితం తీయకూడదని చెప్పాడు. చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు.

అతను వెళ్లాక కఫీల్ వచ్చి ఆ కాగితం చదివాడు. నేను ఇంగ్లీషులో పైకి చదవమన్నాను. చదివాడు. ఇంటి నంబరు. సందు నంబరు. తరగతి, కుటుంబం. రెండో తనిఖీ తేదీ. అది నలభయ్యో రోజుకి మర్నాడు పడింది. కావాలని అలా వేశాడా అని అడిగితే ఆయన తెలియదన్నాడు.

చివరి గీత దగ్గర ఆయన ఆగాడు. అక్కడ వేలు పెట్టి చూపించాడు. నివసించేవారు ఎందరు అన్నచోట అరబ్బీ అంకె వేసి ఉంది.

ఇంకా పద్నాలుగు రోజులున్నాయి. రోజూ పొద్దున్నే డ్యూటీకి వెళ్తూ ఆ తలుపుకి తాళం వేస్తున్నాను. కాగితం నా కళ్లకి సరిగ్గా ఎదురుగా ఉంటుంది. ఎండకి సిరా అప్పుడే వెలిసిపోతోంది. ఆ అంకె మాత్రం కనిపిస్తోంది. ఇద్దరు అని.